తొమ్మిదో రీలులో దర్జీ

1986 ఆగస్టు 17, ఆదివారం. సూర్యాపేట. ఉదయం తొమ్మిదిన్నర ఆట. హాజరైనవారు: ఫిలిం సొసైటీ అధ్యక్షులు వకీలు సాబు, ముఖ్య అతిథిగా పోలీసు శాఖలో ఒక పెద్ద అధికారి, ఆయన శ్రీమతి, కోదాడ నుంచి ఇంగ్లీషు లెక్చరర్ ప్రసాదరావు గారు, మిర్యాలగూడ నుంచి రైస్ మిల్లుల యజమానులు ఇద్దరు, డాక్టర్లు ముగ్గురు, టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, కాలేజీ విద్యార్థులు, కార్యదర్శిగా నేను. మొత్తం నూట పద్నాలుగు మంది.

ఆనాటి నా డైరీలో ఉన్నదాన్ని ఉన్నట్టు ఎత్తి రాశాను. ఇవాళ చదువుతుంటే ఒళ్ళు మండిపోతోంది. నూట పద్నాలుగు తప్పు. నూట పదిహేను. గోడకు అవతల, ప్రొజెక్టరులో వెలుగు కోసం మండే కర్బన్ కడ్డీల వేడిలో, బనీను తడిసి ముద్దవుతుండగా మా అందరికీ సినిమా చూపించిన మనిషిని నేను లెక్కలో వేసుకోలేదు. ఆయన పేరు లచ్చిరాం. చివ్వెంల దగ్గర తండా ఆయనది. ఆ థియేటర్లో ఆపరేటరు.

నెల కిందట వకీలు సాబు కొడుకు కిశోర్ ఒక అట్టపెట్టె తెచ్చి మా వరండాలో పెట్టాడు. వకీలు సాబు పోయి ఏడాది కావస్తోంది. సంస్మరణ సంచిక వేస్తున్నారట. "అంకుల్, సొసైటీ సామానంత దీంట్ల ఉన్నది. మీరు డైరీలు రాస్తరు గదా, నాన్న గురించి నాలుగు మంచి మాటలు రాసియ్యాలె. సినిమా అంటే ప్రాణం గదా ఆయనకు," అన్నాడు. మంచి పిల్లవాడే. అతనికేం తెలుసు? పెట్టెలో కరపత్రాలు, రసీదు పుస్తకాలు, దండలతో తీయించుకున్న ఫోటోలు ఉన్నాయి. అడుగున ఒక గుండ్రటి రేకు డబ్బా. "గదేదో పాత నెగటివ్ అంకుల్, పారేద్దామనుకున్న," అన్నాడు కిశోర్.

అతను వెళ్ళాక మూత తీశాను. చుట్ట చుట్టిన ఫిలిం. కొసకు ఎండిపోయి పసుపుపచ్చగా మారిన గోందు టేపు ముక్క. కిటికీకి ఎదురుగా పట్టి చూశాను. అరచేతిలో సగం లేని బొమ్మలో ఒక సన్నటి మనిషి ఒక లావుపాటి మనిషి మెడ చుట్టూ కొలత టేపు వేసి నిలబడి ఉన్నాడు.   మా ఇంటామె అనసూయ కుట్టుమిషను డబ్బాలోని టేపు తెచ్చి కొలిచాను. నూట తొంభై ఐదు అడుగులు. అడుగుకు పదహారు బొమ్మలు, సెకనుకు ఇరవై నాలుగు. రెండు నిమిషాల పది సెకన్లు. ఆ రెండు నిమిషాల పది సెకన్ల కోసం ఒక మనిషి బతుకు తలకిందులైంది. దాన్ని దాచినవాడి గురించి నన్ను నాలుగు మంచి మాటలు రాయమంటున్నారు.

రాస్తాను. వాళ్ళ సంచికలో మాత్రం కాదు.

ఆ రోజుల్లో నేను సూర్యాపేట బస్టాండులో కంట్రోలర్ని. ఏ బస్సు ఎన్నింటికి వచ్చింది, ఎన్నింటికి పోయింది, ఎందుకు ఆలస్యమైంది, ఇదే నా పని. ఇంటికొచ్చినా నాది అదే చూపు. బస్టాండు వెనక సందులో రెండు గదుల కిరాయి ఇల్లు మాది. పొద్దున మొదటి బస్సు ఇంజను ఊపిరి తీసుకుంటే మా వంటింట్లో గిన్నెలు గలగలమనేవి. డీజిలు వాసన, మా అమ్మ కాల్చే జొన్నరొట్టె వాసన, ఖాకీ బట్టలు నానబెట్టిన సబ్బునీళ్ళ వాసన కలిసి ఒకటే వాసనగా ఉండేవి. అమ్మ రొట్టెను చేత్తో తడుతూ తడుతూ మధ్యలో ఆపి బస్సు మోత వినేది. "కోదాడ బస్సు ఇయ్యాల లేటురా," అనేది, నేను గడియారం చూడకముందే. అదే నిజమయ్యేది. డైరీ రాసే అలవాటు నాకు నాన్న నుంచి రాలేదు, చదువు నుంచి రాలేదు, అమ్మ చెవుల నుంచే వచ్చిందని నా నమ్మకం.

అమ్మ థియేటరుకు ఎప్పుడూ రాలేదు. చీకట్లో కూర్చుంటే ఊపిరాడదనేది. కాని నేను చూసిన ప్రతి సినిమా కథ ఆమెకు చెప్పాల్సిందే. చెబుతుంటే మధ్యలో తగువు పెట్టుకునేది. "గా పోరి గట్లెందుకు పోతది? తలకాయ లేదా దానికి?" అని. ఇంగ్లీషు సినిమా అయినా సరే. కథ అయ్యాక తీర్పు చెప్పేది, అందులో ఎవరు మనిషి, ఎవరు కాదు అని. నాకు సినిమా చూడటం కన్నా ఆ తీర్పు వినడమే ఎక్కువ ఇష్టంగా ఉండేది.

ఫిలిం సొసైటీ మూడు ఊళ్ళది. హైదరాబాదు నుంచి ఒకే ప్రింటు వచ్చేది. ఆదివారం పొద్దున సూర్యాపేట, మధ్యాహ్నం కోదాడ, మరుసటి ఆదివారం మిర్యాలగూడ. డబ్బాలు బస్సులో తిరిగేవి కాబట్టి కార్యదర్శి పదవి నాకు దక్కింది. నా చదువు చూసి ఇచ్చింది కాదు. ఆ సంగతి నాకు తెలుసు, అయినా వకీలు సాబు పక్క కుర్చీలో కూర్చున్నప్పుడు మెడ కొంచెం నిక్కేది. ఆయనది పెద్ద వ్యవసాయదారుల కుటుంబం, తుంగతుర్తి వైపు భూములు. సిల్కు లాల్చీ వేసుకుని, ఇంగ్లీషు నటుల పేర్లు మంత్రాల్లాగా చదివేవాడు. సినిమా నడుస్తుండగా మాత్రం ఆయన చూపు తెర మీద కన్నా ముందు వరుసలో ఎవరెవరు వచ్చారన్న దాని మీదే ఎక్కువగా ఉండేది. ఇది నేను ఇప్పుడు కోపంతో అంటున్నది కాదు. అప్పటి డైరీలోనే రెండుచోట్ల రాసుకున్నాను.

ఆ ఆగస్టులో వేసింది పాత అమెరికా సినిమా. నలుపు తెలుపు. నేరం, పోలీసు, జైలు ఉన్న కథ. పేరు రాయను, పేరు తెలిస్తే జనం వెతికి చూసేసి నా మాట పక్కన పెడతారు. కథ చిన్నది. రేవు పట్నంలో ఒక డిటెక్టివు. ఒక దర్జీ. ఆ దర్జీ చేయని దొంగతనానికి తొమ్మిదేళ్ళు జైల్లో ఉండి వస్తాడు. అతన్ని జైలుకు పంపింది ఈ డిటెక్టివే. ఊళ్ళో మళ్ళీ దొంగతనాలు మొదలవుతాయి, డిటెక్టివు మళ్ళీ దర్జీ వెంటే పడతాడు. సినిమా అంతా ఒకడి వెనక ఒకడు నడవడమే.

ఈ సినిమా గురించి నాకు నెల ముందు నుంచే లచ్చిరాం చెబుతూ వచ్చాడు. పడుచుతనంలో హైదరాబాదులో ఒక థియేటర్లో అసిస్టెంటుగా ఉన్నప్పుడు రెండు వారాలు ఇదే బొమ్మ ఆడించాడట. ఆయనకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. ఇంట్లో లంబాడీ, బయట తెలుగు, మాట మధ్యలో ఉర్దూ. బస్టాండు క్యాంటీన్లో చాయ్ తాగుతూ ఆయన చెప్పిన మాటలు ఆ తర్వాత నేను చదివిన ఏ సినిమా పుస్తకంలోనూ దొరకలేదు.

"సార్, గా పోలీసాయన టోపీ తీసిండంటే అబద్ధం చెప్పబోతున్నట్టు. మీరు లెక్క పెట్టుకోండ్రి, బొమ్మంత గంతే. డైరెక్టరు చెప్పిండో, గాయననే చేసిండో మనకెర్క లేదు."

"మరి దర్జీ?"

"దర్జీ మొఖం సూడకుండ్రి సార్. మొఖంల ఏముండదు. చేతులు సూడాలె. జైలుకు పోకముందు సూది ఒక తీరుగ పట్టుకుంటడు, జైలుకెల్లి వచ్చినంక ఇంకో తీరుగ. తొమ్మిదేండ్లు రాళ్ళు కొట్టిన చెయ్యి గదా."

నేను లెక్కపెట్టాను. ఆ ఆదివారం తెర మీద డిటెక్టివు ఐదుసార్లు టోపీ తీశాడు, ఐదుసార్లూ అబద్ధమే. భార్యతో, పై అధికారితో, కోర్టులో, చర్చిలో, చచ్చిపోతున్న సాక్షితో. ఆ లావుపాటి నటుడు గొంతు ఒక్కసారి కూడా పెంచలేదు. వీపుతో నటించాడు. తలుపు దాకా వెళ్ళి, వెనక్కి తిరగకుండా ఆగితే, ఆ భుజాలు చూసి మనకు చెమట పట్టేది. దర్జీ వేసిన సన్నటాయన సూదిలోకి దారం ఎక్కించడానికి మూడుసార్లు తప్పి నాలుగోసారి ఎక్కించినప్పుడు, థియేటర్లో దగ్గిన శబ్దం కూడా లేదు. ఏడుపు లేదు, సంగీతం లేదు. చేతులు రెండే. ఇన్నేళ్ళలో చాలా నటన చూశాను. పళ్ళు కొరికి, కళ్ళు ఎర్రజేసి, బల్ల గుద్ది చేసే కోపమంతా ఆ సూది ముందు నాకు ఆటలాగే కనిపిస్తుంది.

ఇక ఆ రోజు జరిగినది వరుసగా రాస్తాను.

శనివారం సాయంత్రం 5.40కి హైదరాబాదు బస్సులో డబ్బాలు వచ్చాయి. పది రీళ్ళు, ఐదు డబ్బాలు. మామూలుగా అవి నేరుగా థియేటరుకు పోవాలి. ఆ రోజు వకీలు సాబు జీపు బస్టాండుకు వచ్చింది. "సాబు ఇంట్ల పెట్టమన్నడు," అని డ్రైవరు పట్టుకుపోయాడు. ఆదివారం ఎనిమిదికి డబ్బాలు ప్రొజెక్టరు ఉండే క్యాబిన్‌కు వచ్చాయి. నేను అప్పటికే లచ్చిరాం పక్కన స్టూలు మీద ఉన్నాను. ఎప్పుడూ అంతే, ఆట మొదలయ్యేదాకా నా చోటు అదే.

లచ్చిరాంకు ఒక పద్ధతి ఉండేది. తన వేళ్ళతో తడిమి చూడని రీలు ప్రొజెక్టరుకు ఎక్కించేవాడు కాదు. చేత్తో తిప్పే చక్రం మీద రీలు చుడుతూ, ఎడమచేతి రెండు వేళ్ళ మధ్య నుంచి ఫిలిం అంచు పోనిచ్చేవాడు, కళ్ళు మూసుకుని. చిరుగు, పగులు, అతుకు, ఏదున్నా వేళ్ళకు తెలిసేది. తొమ్మిదో రీలు దగ్గర చక్రం ఆగింది.

"సార్, జర గిటు రాండ్రి. సూడుండ్రి గిది."

ఫిలిం రెండు కొసలు కలిపి గోందు టేపు అంటించి ఉంది. ఆఫీసుల్లో కాగితాలకు వేసే టేపు.

"ఆపరేటరు చెయ్యి కాదు సార్ ఇది. టేపు పెడ్తరా ఎవరన్న? ప్రొజెక్టరు గేటు కాడికి రాంగనే పటుక్కుమంటది, వేడికి బొమ్మ కాలిపోతది. పెద్ద సార్లు వస్తున్రు ఇయ్యాల, ఇజ్జత్ పోతుండె."

ఆయన ఆ టేపు పీకి ఉండచుట్టి, కాలిపోయిన కర్బన్ ముక్కల బుట్టలో పడేశాడు. బ్లేడుతో కొసలు గీకి, ఫిలిం అతికించే సిమెంటు రాసి, బొటనవేలితో నొక్కి ఇరవై దాకా లెక్కపెట్టాడు. క్యాబినంతా గోళ్ళ రంగు వాసన వచ్చింది. వెలుగుకు పట్టి చూపించాడు. అతుకు గీత కనబడలేదు. అంత నున్నగా వచ్చింది. తన నిర్దోషిత్వానికి ఉన్న ఒకే ఒక సాక్ష్యాన్ని పనిమంతుడు కాబట్టి తన చేత్తోనే చెరిపేసుకున్నాడు. అంటించినవాడు పోను, ఆ టేపు చూసింది లోకంలో ఆయన కాక నేనొక్కణ్ణే.

తొమ్మిదో రీలు నడుస్తుండగా ఆయన కిటికీ రంధ్రం దగ్గర నుంచి నా దగ్గరకు మనిషిని పంపాడు. వెళ్ళాను. ముఖం పాలిపోయి ఉంది. "పోయింది సార్. దర్జీ కొలతలు తీసుకునేది పోయింది. గదే బొమ్మకు ప్రాణం," అన్నాడు. డిటెక్టివు దర్జీ కొట్టులోకి అడుగు పెడతాడు, మరు క్షణం వానలో ఒంటరిగా నడుస్తుంటాడు. మధ్యలో ఏమైందో లేదు. హాల్లో చాలామందికి అనుమానం కూడా రాలేదు. పాత సినిమా, అంతే అనుకున్నారు.

ఆట అయ్యాక వేదిక మీద దండలు పడ్డాయి. అప్పుడు ప్రసాదరావు గారు లేచి, పాపం ఏ దురుద్దేశమూ లేకుండా అడిగారు. "నేను గుంటూరులో చదువుకునేటప్పుడు చూశానండీ ఈ సినిమా. కొలతలు తీసుకునే సీనొకటి ఉండాలండీ. డిటెక్టివు తన తప్పు ఒప్పుకుంటాడు. అది ఎగిరిపోయిందేంటండీ?"

ముఖ్య అతిథి తల తిప్పి వకీలు సాబు వైపు చూశాడు. వకీలు సాబు ముఖంలో రంగు ఎలా మారిందో నేను పక్కనే ఉండి చూశాను. పోలీసాయన ఒక అమాయకుణ్ణి జైల్లో పెట్టానని ఒప్పుకునే సీనును పోలీసు పెద్ద ముందు వేయడానికి ఆయనకు ధైర్యం చాలలేదు. ఇంట్లో కూర్చుని బ్లేడుతో కోశాడు, కోర్టు కాగితాల టేపు అంటించాడు. ఆ సీను చూపించడానికి చాలని ధైర్యం, అబద్ధమాడటానికి మాత్రం చాలింది.

"ఆపరేటర్ల పని సార్," అన్నాడు నవ్వుతూ. "ముక్కలు కోసుకపోతరు. తండా బుద్ధి, ఏం జేస్తం?"

క్యాబిన్‌ వెతికారు. బుట్టలోని టేపు ఉండ అప్పటికే ఆటలో పడిన వేడి కర్బన్ ముక్కల కింద మాడిపోయింది. ప్రతి ఆపరేటరు దగ్గరా ఉండే తుక్కు ఫిలిం డబ్బా దొరికింది. తొమ్మిదో రీలులో కొత్త సిమెంటు అతుకు దొరికింది. "అతుకు నువ్వే ఏసినవా?" అని వకీలు సాబు అడిగితే, "నేనే ఏసిన సాబ్, టేపు ఉండె గాడ, తీసేసి..." అంటుండగానే "సూసిన్రా, ఒప్పుకున్నడు," అన్నాడు. లచ్చిరాం నా వైపు చూశాడు. బతిమాలినట్టు కాదు. పక్కనే ఉన్న గడియారం వైపు టైము కోసం చూసినట్టు, ఏ అనుమానమూ లేకుండా చూశాడు.

వకీలు సాబు కూడా నా వైపే తిరిగాడు. "కంట్రోలర్ సాబ్, మీరు పొద్దుగాల్నుంచి క్యాబిన్లనే ఉన్నరు గదా. టేపు గీపు ఏమన్న సూసిన్రా?"

అందరూ వింటున్నారు. పది రోజుల ముందే నన్ను ఆదిలాబాదు వైపు బదిలీ చేస్తూ కాగితం వచ్చింది. ఆపించే పూచీ నాది అని వకీలు సాబు భుజం తట్టి ఉన్నాడు. అమ్మకు అప్పటికి మోకాళ్ళు పట్టేశాయి. ఇవన్నీ కారణాలు. కారణాలు ఎప్పుడూ బాగానే ఉంటాయి.

"నేను గమనించలేదు," అన్నాను.

బస్సు మూడు నిమిషాలు ఆలస్యమైతే ఎర్ర సిరాతో రాసేవాణ్ణి. క్యాంటీన్లో చాయ్ గ్లాసు మారితే గమనించేవాణ్ణి. నేను గమనించలేదు. నూట పద్నాలుగు మందిలో ఒక్కరు కూడా నవ్వలేదు.

లచ్చిరాంను పోలీసు జీపు ఎక్కించారు. ప్రసాదరావు గారు నా చెయ్యి పట్టుకుని, "అయ్యో, నేను ఊరికే అడిగానండీ, ఇంత అవుతుందనుకోలేదు. ఆయన్ని వదిలేయమని మీరైనా చెప్పండీ," అన్నారు. నేను డబ్బాలు కోదాడ బస్సు ఎక్కించాలని చెప్పి చెయ్యి విడిపించుకున్నాను. 1.25 బస్సు. సినిమాతోపాటు, ఆపరేటరు ముక్క కోసుకున్నాడన్న మాట కూడా అదే బస్సులో కోదాడ చేరింది. మరుసటి ఆదివారానికి మిర్యాలగూడ చేరింది. మూడు ఊళ్ళలో ఏ థియేటరూ లచ్చిరాంను మళ్ళీ గడప తొక్కనివ్వలేదు. ఆ వార్త నా బస్సుల్లోనే, నా టైము ప్రకారమే తిరిగింది.

ఇంటికొచ్చాను. అమ్మ రొట్టె, పచ్చిపులుసు పెట్టి ఎదురుగా కూర్చుంది. కథ కోసం. కథ చెప్పాను. కథతోపాటు జరిగింది కూడా నోరు జారి చెప్పేశాను. ఆమె రొట్టె ముక్క తుంచిన చెయ్యి అట్లాగే ఆపింది.

"గా టేపు నువ్వు సూసినవా?"

"చూసినమ్మా."

"మరి సెప్పినవా?"

నేను పళ్ళెంలోకి చూశాను.

"తిను," అంది. అంతే. ఆ తర్వాత ఎనిమిదేళ్ళు బతికింది. నన్ను ఒక్క సినిమా కథ కూడా అడగలేదు. నేనే చెప్పబోతే, "నిద్రొస్తుందిరా," అనేది. వారం తిరక్కుండా బదిలీ ఆగిపోయింది. ఆ కాగితం ఆమెకు చూపిస్తే, మడిచి నా జేబులోనే పెట్టింది.

తొంభైల్లో నాకు మిర్యాలగూడ బస్టాండుకు మామూలు బదిలీ అయ్యింది. ఒకరోజు రైస్ మిల్లులో పనుండి వెళితే, ఊక దుమ్ములో లచ్చిరాం కనిపించాడు. మోటారు చూసుకునే పని. ఆపి ఉన్న మోటారు పట్టా మీద రెండు వేళ్ళు పెట్టి, కళ్ళు మూసుకుని అతుకు కోసం తడుముతున్నాడు. నన్ను చూసి నవ్వి, "సార్, మంచిగున్నరా? బొమ్మలు సూస్తున్రా? ఇప్పుడన్ని రంగులే గదా, సోయి ఉంటలేదు," అన్నాడు. చాయ్ తెప్పించాడు. ఆయన తిట్టి ఉంటే నాకు ఇంత కోపం మిగిలేది కాదు. నాలుగేళ్ళ కిందట ఊపిరితిత్తులు పాడై పోయాడని ఈ మధ్యనే తెలిసింది. ఈ ఫిలిం చుట్ట చూపించడానికి ఆయన లేడు. వకీలు సాబు మాత్రం దీన్ని పారేయలేదు. ముప్పై ఏళ్ళకు పైగా డబ్బాలో దాచుకున్నాడు. ఎందుకు దాచాడో నాకు తెలియదు, తెలుసుకోవాలని లేదు. పశ్చాత్తాపమైతే దానికి ఊళ్ళో చెప్పుకునే చోట్లు చాలా ఉండేవి, ఆయన ఎక్కని వేదిక లేదు.

ఇప్పుడు ఆ థియేటరు ఉన్నచోట ఫంక్షన్ హాలు ఉంది. గోడకు వకీలు సాబు ఫ్లెక్సీ కట్టారు, కింద 'కళా హృదయుడు' అని. ఇప్పటివాళ్ళు అదృష్టవంతులు, ప్రతివాడి చేతిలో ఫోను, ఎవడు ఏం చేసినా బొమ్మ పట్టేస్తారు అంటారు. మొన్న బస్టాండు ముందు ఒక ఆటో అబ్బాయిని నలుగురు కలిసి కొడుతుంటే పదిమంది ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. పోలీసులొచ్చి ఎవరు చూశారని అడిగితే ఫోన్లన్నీ జేబుల్లోకి పోయాయి. మేము గమనించలేదండీ. ఆ మాట ఎవరు కనిపెట్టారో వాళ్ళకు తెలియదు, నాకు తెలుసు. ఆ పదిమంది మీద అరిచాను. పిచ్చి ముసలాయన అనుకున్నారు. పక్క సందులోకి వెళ్ళి స్టేషనులో నేనే సాక్ష్యం చెప్పి వచ్చాను. దానివల్ల నా లెక్క సరిపోలేదు. సరిపోతుందని వెళ్ళలేదు కూడా.

ఇక మిగిలింది ఆ మరునాటి పొద్దు.

సోమవారం ఐదున్నరకు డ్యూటీ ఎక్కాను. ఆరు కావస్తుండగా రెగ్జిన్ సంచీతో లచ్చిరాం వచ్చాడు. రాత్రి స్టేషను నుంచి వదిలేసినట్టున్నారు, ఎడమ చెంప ఉబ్బి ఉంది. మిర్యాలగూడ బస్సు 6.10. డ్రైవరు ఇంజను స్టార్టు చేసి ఉంచాడు. నేను ప్యాడ్‌లో ఏదో రాస్తున్నట్టు తల వంచుకున్నాను. ఆయన నా ఎదుటికే వచ్చి నిలబడ్డాడు.

"సార్, మీరు గా సీను సూడనే లేదు గదా," అన్నాడు.

"లచ్చిరాం, బస్సు..."

"రెండు నిమిషాలే సార్. నెల రోజులు చెప్పి ఆశ పెట్టిన. సూపియ్యకుంట పోతే మంచిగుండదు. నిలవడుండ్రి."

నా చేతిలోంచి ప్యాడ్, పెన్ను తీసుకుని బల్ల మీద పెట్టాడు. "పోలీసాయన టోపీ గీడ దర్జీ తీస్తడు సార్. తీసి పక్కకు పెడ్తడు. గాయన తియ్యడు. యాదికుంచుకోండ్రి."

భుజం మీద తువ్వాల తీసి రెండు చేతులతో సాగదీశాడు. ఒక్కసారిగా ఆయన నడుం కొంచెం వంగింది, వేళ్ళు సన్నబడ్డట్టు అనిపించాయి. నా భుజం నుంచి భుజానికి కొలిచాడు. పెదవులు కదిలించి ఏదో అంకె చెప్పుకున్నాడు. ఛాతీ కొలిచాడు. చెయ్యి ఎత్తమని వేలితో తట్టి చంక నుంచి మణికట్టు దాకా కొలిచాడు. చివరికి తువ్వాల నా మెడ చుట్టూ వేసి, రెండు కొసలు గొంతు దగ్గర ఒక చేత్తో కలిపి పట్టుకున్నాడు. అక్కడ ఆగాడు. ఆయన ముఖంలో ఏమీ లేదు. రాత్రి దెబ్బల ఉబ్బు తప్ప ఏమీ లేదు. నేను చేతుల వైపు చూశాను.

"గీడ పోలీసాయన ఒక్క మాట అంటడు సార్," అన్నాడు మెల్లగా. "'నువ్వు చెయ్యలేదని నాకు ముందుగాలనే ఎర్క' అంటడు. గంతే. దర్జీ గిట్లనే పట్టుకొని ఉంటడు. జరసేపు. మనమేమో పిసుకుతడనుకుంటం."

ఎదురు చూశాడు.  ఆ మాట అనడానికి బస్టాండులో అడ్డేమీ లేదు, వినేంత దగ్గరలో మేము ఇద్దరమే ఉన్నాం. అనలేదు. డ్రైవరు హారను కొట్టాడు. మళ్ళీ కొట్టాడు.

లచ్చిరాం తువ్వాల వదులు చేశాడు. "పిసకడు సార్. మెడ కొలత రాసుకుంటడు కాగితం మీద. కోటు కుట్టాలె గదా," అన్నాడు. తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. ప్యాడ్, పెన్ను నా చేతికిచ్చి, సంచీ తీసుకుని బస్సెక్కాడు.

నా డైరీల్లో ఒక్క టైము కూడా తప్పు ఉండదని నేను జీవితమంతా చెప్పుకున్నాను. ఆ సోమవారం పేజీలో ఉన్నది ఒకే ఒక్క వాక్యం: మిర్యాలగూడ బస్సు 6.10కి బయలుదేరింది. బస్సు కదిలింది 6.14కి.